తలపోటు లేనప్పుడు వేసుకునే బిళ్ళ

ప్రసూతి వైద్యంలో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను కలిసినప్పుడు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. “మేడమ్, మొత్తం ఎన్ని కాన్పులు చేసి ఉంటారు?” లెక్క పెట్టుకోలేదమ్మా అంటే వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. ఇంతకాలం పనిచేసి లెక్క కూడా తెలియదా అన్నట్టు చూస్తారు.

నిజానికి వాళ్ళు అడగవలసింది, రాకుండా ఆపిన జబ్బుల గురించి. అడిగినా నా దగ్గర జవాబు లేదనుకోండి. వచ్చిన జబ్బును తగ్గిస్తే చేతులెత్తి దండం పెడతారు. రాకుండా చేస్తే, “ఏమీ లేనిదానికి ఈవిడ మందులు మింగించింది” అంటారు. నా ఉద్యోగంలో సగం ఆ మాట పడటమే. పడ్డందుకు నాకేమీ బాధ లేదు. ఆ మాట అన్నారంటే తల్లీ బిడ్డా ఇంటికి వెళ్ళి, అనేంత తీరికగా ఉన్నారన్న మాట.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి. గర్భిణీలకు వచ్చే రక్తపోటు గురించి, దాన్ని ముందే ఆపడానికి మేము పడిన తంటాల గురించి, ముఖ్యంగా ఒక అత్తాకోడళ్ళ గురించి రాస్తాను.

గుర్రపువాతం

నేను ఉద్యోగంలో చేరింది డెబ్బైల మొదట్లో. విశాఖ పాత ఊళ్ళో, ఓడరేవుకు దగ్గరగా ఉండే ఒక ప్రసూతి ఆసుపత్రి. పేరుతో మీకు పనిలేదు. ఓడ కూత వేస్తే వార్డులో మాట్లాడుతున్న వాళ్ళు ఆగి, కూత అయ్యాక ఆగిన చోటు నుంచే మళ్ళీ అందుకునేవారు. కొత్తగా వచ్చిన నర్సులు ఉలిక్కిపడేవారు, అప్పుడే పుట్టిన పిల్లలు మాత్రం కదిలేవారు కాదు.

గర్భిణికి బీపీ పెరగడం, కాళ్ళూ మొహం ఉబ్బడం, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం, చివరికి ఫిట్స్ రావడం. దీన్ని పాతవాళ్ళు గుర్రపువాతం అనేవారు. మా దగ్గరకు వచ్చేసరికి చాలామందికి ఫిట్స్ మొదలై ఉండేవి. చీకటి గదిలో పడుకోబెట్టి మత్తు ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ళం. నాలుక కరుచుకోకుండా పళ్ళ మధ్య గుడ్డ చుట్టిన చెంచా పెట్టేవాళ్ళం. తల్లి దక్కితే బిడ్డ దక్కేది కాదు. ఒక్కోసారి ఇద్దరూ దక్కేవారు కాదు. ఆ గదిలోంచి బయటికి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలో తెలియక నేను చేతులు కడుక్కుంటూ ఉండిపోయేదాన్ని.

మా పై అధికారిని అందరూ పెద్ద డాక్టరమ్మ అనే పిలిచేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టి. లోపల అరిస్తే బయట రోడ్డు మీద రిక్షా ఆగేది. ఆవిడ పెట్టిన నియమం ఒకటి ఉండేది. కడుపుతో ఉన్న మనిషి ఎవరు గడప దాటి లోపలికొచ్చినా, జలుబని వచ్చినా సరే, వార్డులో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినా సరే, చేతికి బీపీ పట్టీ కట్టకుండా బయటికి పంపకూడదు. “పెళ్ళికి పిలవడానికొచ్చానమ్మా” అని ఒకావిడ మొత్తుకుంటున్నా కూర్చోబెట్టి బీపీ చూసింది. మేమంతా చాటుగా నవ్వుకున్నాం. ఆవిడ బీపీ చూశాక నవ్వు ఆగిపోయింది, శుభలేఖలు బల్ల మీదే ఉండిపోయాయి, ఆవిడ వార్డులో చేరింది.

మీకు ఇప్పుడు ఎన్నో పరికరాలు ఉన్నాయి. అయినా మొదటి పాఠం అదే. పట్టీ కట్టండి.

ఉప్పు మానమన్న రోజులు

ఈ జబ్బును ముందే ఆపాలన్న ఆశ మాకు మొదటి నుంచీ ఉండేది. అప్పట్లో పుస్తకాలు చెప్పింది ఒకటే: ఉబ్బు వస్తోంది కాబట్టి నీరు తగ్గించాలి. అందుకని కాళ్ళు కాస్త ఉబ్బిన ప్రతి గర్భిణికీ ఉప్పు మానమని చెప్పి, నీరు పోయే మాత్ర రాసి పంపేవాళ్ళం.

పూర్ణా మార్కెట్ దగ్గర ఉండే షావుకార్ల ఇళ్ళల్లో అది జరిగే పనే. జాలరి పేటల నుంచి వచ్చే ఆడవాళ్ళకు కాదు. వాళ్ళు తినేది గంజన్నం, నంజుకోవడానికి ఎండు చేప. ఉప్పు మానాలంటే ఎండు చేప మానాలి. అది మానితే ఉత్త గంజి గొంతు దిగదు. చెప్పిన మాట విన్నవాళ్ళు నెల తిరిగేసరికి చిక్కి శల్యమై వచ్చేవారు. ఒకావిడ పెద్ద డాక్టరమ్మ మొహం మీదే అడిగేసింది.

“ఉప్పు నేకపోతే సేప నేదు. సేప నేకపోతే కూడు నేదు. మరి నానేటి తినాల డాట్రమ్మా, నువ్వు రాసిచ్చిన సీటీ తినాలేటి?”

పెద్ద డాక్టరమ్మ ఆవిణ్ణి తిడుతుందని మేమంతా బిగుసుకుపోయాం. ఆవిడ తిట్టలేదు. “చేప తిను. వారం వారం వచ్చి బీపీ చూపించుకో” అంది. ఆ తరువాత ఆ నీరు మాత్రలూ మెల్లగా ఆగిపోయాయి. పుస్తకాలు మారడానికి ఇంకా టైము పట్టింది. “నేనే చేతులారా ఇచ్చానమ్మా. ఉబ్బు తగ్గింది. ఫిట్స్ తగ్గలేదు” అనేది ఆవిడ ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎనభైల మధ్యలో నేను ఆస్ప్రిన్ సంగతి ఎత్తినప్పుడు ఆవిడ ఎందుకంత ఎగిరిపడిందో మీకు అర్థం కావాలి.

అప్పటికి విదేశీ వైద్య పత్రికల్లో ఆ చర్చ మొదలైంది. ఇంతకు ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చిన వాళ్ళకు, ఈసారి తొలి నెలలు దాటగానే ఆస్ప్రిన్ చాలా కొద్ది మోతాదులో రోజూ ఇస్తే, కడుపులో బిడ్డను పోషించే మాయలో ఉండే సన్నని రక్తనాళాలు పూడుకుపోకుండా ఉంటాయేమోనని. ఏమోనని మాత్రమే. నాకు కాళ్ళు నిలవలేదు. పత్రిక పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను.

“మళ్ళీ ఇంకో మాత్రా?” అంది, కళ్ళజోడు తియ్యకుండానే. “అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కాన్పులో రక్తం ఆగకపోతే నువ్వు ఆపుతావా, ఈ వ్యాసం రాసినాయన ఓడెక్కి వచ్చి ఆపుతాడా?”

నాకు ఒళ్ళు మండింది. బయటికి వచ్చి రెండు రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న. కొత్త మందు మీద మోజుపడే డాక్టరుకు పైన ఇలాంటి ఒక మనిషి ఉండాలి. మీకు ఉంటే విసుక్కోకండి.

నూకరత్నం

అలాంటి సమయంలో నూకరత్నం వచ్చింది. ఓడరేవు అవతల యారాడ ఊరి పిల్ల. అక్కణ్ణించి కొండ దాటి, పడవలో ఓడరేవు ఛానెల్ దాటి, తట్ట నెత్తిన పెట్టుకుని పాత ఊళ్ళో వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. ఆ పిల్లను మేము మరిచిపోలేదు. మొదటి కాన్పులో ఫిట్స్‌తో తెచ్చారు, బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి ఏడో నెలలోనే బీపీ పెరిగి కాన్పు చెయ్యవలసి వచ్చింది. ఆ బిడ్డ నా అరచేతిలో పట్టేంత ఉంది, ఎంతోసేపు బతకలేదు. మూడోసారి వద్దని, ప్రాణం మీదికి వస్తుందని పెద్ద డాక్టరమ్మ స్వయంగా చెప్పి పంపింది.

ఇప్పుడు మూడో నెలతో వచ్చి ఎదురుగా నిలబడింది. పక్కన అత్త పోలమ్మ.

“ఏటి సేత్తావో సెయ్యి డాట్రమ్మా” అంది రత్నం. “ఈపాలి నాకు గుంట కావాల.” గుంట అంటే వాళ్ళ యాసలో బిడ్డ.

నేను పోలమ్మ వైపు తిరిగాను. మనవడి కోసం ఆవిడే పట్టుబట్టి ఉంటుందని నా అనుమానం. కాస్త కటువుగానే అడిగాను, కోడలి ప్రాణం మీద ఆశ లేదా అని.

పోలమ్మ కొంగు నడుముకి దోపుకుని నా ముందుకొచ్చింది. “గుంట మాట తరవాత తల్లీ. ముందు ఇది నాకు దక్కాల. తొలిపాలి దీని పల్ల మజ్జిన సెంచా ఎట్టింది నానే. ఒద్దే అంటే ఇన్నాదా? ఇననేదు. మరి ఒగ్గీమంటావేటి?”

నా అనుమానానికి నేనే సిగ్గుపడి ఇద్దరినీ కూర్చోబెట్టాను.

మళ్ళీ పెద్ద డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను. ఈసారి పత్రిక పట్టుకెళ్ళలేదు, రత్నాన్ని తీసుకెళ్ళాను. ఆవిడ ఆ పిల్లను చాలాసేపు చూసింది. తరువాత ఒప్పుకుంది, షరతులు పెట్టి. ఈ ఒక్క మనిషికే. మామూలు బిళ్ళలో నాలుగో వంతు మించకూడదు. పదిహేను రోజులకోసారి బీపీ చూడాలి. తొమ్మిదో నెల రాగానే ఆపెయ్యాలి. కాన్పు నాటికి రక్తం సిద్ధంగా ఉండాలి. చివరిగా ఇంకొకటి చెప్పింది: “ఇది పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు అని ఆ పిల్లకు చెప్పు. దాచకు.”

చెప్పాను. రత్నం పెద్దగా ఆలోచించలేదు. “వలేసినప్పుడూ అంతే కద డాట్రమ్మా. పడొచ్చు, పడకపోవొచ్చు. అలగని ఎయ్యకుండా ఉంటామేటి?”

పొట్లాలు

బిళ్ళను నాలుగు ముక్కలు చెయ్యడం రాసినంత సులువు కాదు. ఒక ముక్క పెద్దదవుతుంది, ఇంకొకటి పొడైపోతుంది. అందుకని మా కాంపౌండరు బిళ్ళలు నూరి, సమంగా పంచి, పొట్లాలు కట్టి ఇచ్చాడు. బీపీ రాకుండా వేసుకునే మందు, రోజుకొకటి, అన్నం తిన్నాక అని చెప్పి పంపాను. ఏ మందో పేరు చెప్పలేదు. పేరుతో ఆ పిల్లకేం పని అనుకున్నాను.

తరువాతిసారి వచ్చింది. బీపీ బాగుంది. నాకు హుషారు వచ్చింది.

“పొడి రోజూ వేసుకుంటున్నావా?”

“ఇంకా రానేదు డాట్రమ్మా.”

“ఏం రాలేదు?”

“తలపోటు.”

నాకు అర్థం కాలేదు. తలపోటుకీ పొడికీ ఏమిటి సంబంధం అన్నాను. రత్నం నన్ను జాలిగా చూసింది.

“అది తలపోటు బిళ్ళే కదేటి? నాకు తెల్దనుకున్నావేటి? నాలిక్కి పుల్లగ తగిల్నాది. తట్ట మోసినన్నాల్లూ అదే కద తిన్నాను. తలపోటు వొస్తే ఏసుకుందామని దాసినాను.”

“మరి ఆ పొట్లాలన్నీ ఏవీ?”

రత్నం అత్తను చూసింది. పోలమ్మ కిటికీని చూసింది. చివరికి పోలమ్మే చెప్పింది. “పడవకాడ మావోల్లకి ఇచ్చీసినాదమ్మా. తట్టల బరువుకి అందరికీ తలపోట్లే కద. ఆల్లు తిడతన్నారు. నీ డాట్రమ్మ పొడికి పస నేదంట. రెండేసినా తగ్గనేదంట.”

నాలుగో వంతు మోతాదు మరి, ఎలా తగ్గుతుంది? నేను నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేశాను. పక్క గదిలోంచి పెద్ద డాక్టరమ్మ వచ్చి, సంగతి విని, “నీ పత్రికలో ఇది రాయలేదా?” అని అడిగి వెళ్ళిపోయింది.

నవ్వడం అయ్యాక మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఇది తలపోటు బిళ్ళే, నువ్వు అన్నది నిజమే. కానీ నీకు ఇచ్చింది తలపోటుకు కాదు. బిడ్డకు అన్నం అందే దారి మూసుకుపోకుండా ఇది పని చెయ్యొచ్చు, రోజూ వేసుకుంటేనే. తలపోటు అనేది వేరే సంగతి. కడుపుతో ఉన్నప్పుడు, అందులోనూ ఆఖరి నెలల్లో గట్టిగా తలపోటు వచ్చిందంటే బీపీ పెరిగిందేమోనని అనుమానించాలి. దానికి బిళ్ళ వేసి నొప్పి మరిపించుకోకూడదు. పరుగున రావాలి.

రత్నం అత్త చెయ్యి పట్టుకుంది.

“ముందు రెండుపాల్లూ తలపోటొచ్చినాది డాట్రమ్మా” అంది మెల్లగా. “తట్ట బరువనుకున్నాను. బిళ్ళేసి తట్టెత్తుకున్నాను.”

రెండో కాన్పుకు మేము ఆ పిల్లను ఎన్నోసార్లు పరీక్ష చేసి ఉంటాం. తలనొప్పి ఉందా అని అడిగే ఉంటాం. లేదనే చెప్పి ఉంటుంది. చేపల తట్ట మోసే మనిషికి తలపోటు అనేది జబ్బు కాదు కదా, మనకు మధ్యాహ్నం ఆకలి లాంటిది. ఉందా అని అడిగితే ఎవరు చెబుతారు?

“అయితే ఇప్పుడు గుర్తు పెట్టుకో” అన్నాను. “తలపోటు లేనప్పుడు రోజూ పొడి వేసుకో. తలపోటు వస్తే బిళ్ళ జోలికి పోకుండా నా దగ్గరికి రా.”

“ఏటమ్మా, లోకమంతా ఒకలాగ సెప్తే నువ్వు తిరగేసి సెప్తన్నావు?” అంది పోలమ్మ.

“తిరగేసే చెబుతున్నా.”

పోలమ్మ ఆ మాట తనలో తాను అనుకుంటూ మెట్లు దిగింది. లేనప్పుడు ఏసుకోవాల, వొస్తే ఏసుకోకూడదు. గేటు దాకా వినిపించింది.

రహీం సాయిబు కొట్టు

రత్నం సంగతి సరే, మిగతా వాళ్ళ మాటేమిటి? పడవ దిగే చోట రహీం సాయిబు కొట్టు ఉండేది. పాత ఊరి మనిషి, తండ్రి నాటి కొట్టు. చేపలావిడలు పడవ దిగగానే అక్కడ టీ తాగి, ఒక తలపోటు బిళ్ళ మింగి, తట్టలు ఎత్తుకునేవారు. బిళ్ళ అడగక్కరలేదు, టీ గ్లాసు పక్కన ఆయనే పెట్టేవాడు. ఒక రోజు ఆసుపత్రి అయ్యాక నేనే వెళ్ళాను. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు బిళ్ళ అమ్మొద్దు, మా దగ్గరికి పంపు అని అడిగాను.

“అరె, డాక్టరమ్మా!” అన్నాడు రహీం సాయిబు. “నేను కొట్టు పెట్టుకున్నోడిని గానీ మంత్రసానిని కాదు గదమ్మా. ఎవరికి ఎన్నో నెలో నేనెట్లా అడగాలి? వాళ్ళ నోళ్ళు మీకు తెలీదు.”

“అడిగి చూడు సాయిబూ.”

అడిగాడు పాపం. మొదటి రోజే ఒక ముసలావిడను అడిగాడట, చూపు సరిగా ఆనక. “నా వొయిసేటి, నువ్వడిగే మాటేటి” అని ఆవిడ తట్ట దించి మరీ తిట్టింది. పడవ రేవంతా విరగబడి నవ్వింది. అయితే ఆ నవ్వుతో ఊరంతా ఆ సంగతి పాకిపోయింది. కడుపుతో ఉన్నోళ్ళకు సాయిబు బిళ్ళ ఇవ్వడట, ఎందుకివ్వడట అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగిన వాళ్ళకు పోలమ్మ జవాబు చెప్పేది, నాకంటే బాగా, నాకంటే గట్టిగా. ఆ తరువాత నుంచి యారాడ వైపు నుంచి తలపోటుతో వచ్చేవాళ్ళు మొదలయ్యారు. చాలామందికి ఏమీ ఉండేది కాదు, ఉత్త తట్ట బరువే. మా నర్సులు విసుక్కునేవారు. నేను విసుక్కోలేదు. ఏమీ లేదని చెప్పి పంపడం కంటే హాయైన పని ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

కొంచెం సూటిగా

ఇక్కడ కాసేపు ఆగి, ఇప్పటి అమ్మాయిలకు, అబ్బాయిలకు రెండు మాటలు.

రత్నం ఆ పొడి వల్లే బయటపడిందని నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఒక్క మనిషిని చూసి మందు గురించి తీర్పు చెప్పేవాడు డాక్టరు కాదు. పొడి పని చేసి ఉండొచ్చు. పదిహేను రోజులకోసారి రావడం పని చేసి ఉండొచ్చు. పోలమ్మ తట్ట మోయనివ్వకపోవడం పని చేసి ఉండొచ్చు. ఆ మందు ఎవరికివ్వాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత ఇవ్వాలి అనేది మీ కాలంలో మాకంటే మీకు బాగా తెలుసు. ఇది చదివి ఎవరూ సొంతంగా బిళ్ళ కొనుక్కోకండి. అలా చేస్తే పెద్ద డాక్టరమ్మ ఎక్కడున్నా లేచి వస్తుంది.

ఇంకొకటి. మందు పేరు దాచకండి. మనం చెప్పకపోయినా నాలుక చెబుతుంది. పేరుకు జనం ఏ పని అంటగట్టారో తెలుసుకుని, అక్కణ్ణించి మాట మొదలుపెట్టండి. ఉక్కు కర్మాగారం కడుతున్న ఆ రోజుల్లో ఇంజినీర్ల భార్యలు ఫైళ్ళు పట్టుకుని వచ్చేవారు. వాళ్ళూ తక్కువేం తినలేదు. బీపీ బాగుందని నేను చెప్పగానే, బాగుంది కదా అని బీపీ మాత్ర ఆపేసినావిడ ఉంది. బాగున్నప్పుడు మందు వేసుకోవడం మనిషికి ఎక్కదు. చదువున్నా ఎక్కదు. ఎక్కించడమే మన పని.

తలపోటు వచ్చిన రోజు

ఎనిమిదో నెల ఆఖరు. పొడి ఇంకా ఆపలేదు. ఆ రోజు ఉదయం ఓపీ కిటకిటలాడుతోంది. బయట ఎవరో వరసను తోసుకుంటూ వస్తున్న గోల. నర్సు అడ్డుపడుతోంది. ఆ గోల మీద పోలమ్మ గొంతు.

“డాట్రమ్మా! తలపోటొచ్చినాది! బిళ్ళెయ్యనేదు!”

వరసలో ఉన్నవాళ్ళు తెల్లబోయి చూశారు. రత్నం రిక్షాలోంచి దిగుతోంది. పడవ దిగగానే రహీం సాయిబు కొట్టు వదిలేసి, రిక్షా ఆపి ఎక్కించాడట. ఇంటి దగ్గర చుట్టుపక్కల వాళ్ళంతా ఒక బిళ్ళ వేసి పడుకోబెట్టమన్నారట. పోలమ్మ వినలేదు.

పట్టీ కట్టాను. పాదరసం పైకి పోయి అక్కడే కొట్టుకుంటోంది. మూత్రం దీపం మీద కాస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. జబ్బు రానే వచ్చింది. మా పొడి దాన్ని పూర్తిగా ఆపలేకపోయింది. కానీ ఏడో నెలలో రావలసింది తొమ్మిదో నెల గుమ్మం దాకా రాలేదు, ఫిట్స్ ఇంకా మొదలు కాలేదు. ఆ గుమ్మంలోనే దాన్ని పట్టుకోవాలి.

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఫిట్స్ రాకుండా ముందే మెగ్నీషియం ఇంజెక్షన్ సిద్ధం చెయ్యమంది. తుంటికి వేసే ఆ సూది చాలా నొప్పి. సిరంజి చూసి రత్నం బెదిరిపోయింది.

“ఫిట్స్ రానేదు కద డాట్రమ్మా, సూదెందుకు?”

నేను నోరు తెరిచేలోపు పోలమ్మ అందుకుంది. “రానేదు కాబట్టేనే! వొచ్చేక ఏత్తే ఏటి లాబం? తిరుగు అటు!”

పెద్ద డాక్టరమ్మ నన్ను చూసింది. ఆవిడ పెదవి చివర నవ్వు లాంటిది కనిపించింది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆవిడ దగ్గర నాకు ఎప్పుడూ దక్కలేదు, అదీ పోలమ్మ సంపాదించి పెట్టింది.

బీపీ దించి, నొప్పులు రప్పించాం. పోలమ్మ వరండాలో కూర్చుంది, టీ ఇచ్చినా తాగలేదు. రత్నం మొగుడు వేటకు వెళ్ళాడు, కబురు అందలేదు. రక్తం తెప్పించి ఉంచాం. మర్నాడు మధ్యాహ్నానికి కాన్పు అయింది. ఆడపిల్ల. సన్నగా ఉంది. ఒక్క క్షణం ఊరుకుని, ఆ తరువాత అందుకుంది ఏడుపు. ఆ గదిలో అంత గట్టి ఏడుపు వినాలని మేము ఎంతకాలంగా ఆశపడ్డామో ఆ పిల్లకు తెలియదు.

ఇంకా ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పెద్ద డాక్టరమ్మ భయపడింది ఆ తరువాతి సంగతికే. ఆవిడ రత్నం పొట్ట మీద చెయ్యి వేసి నిలబడింది. నేను రక్తం వైపు చూస్తున్నాను. మాయ పడింది. గర్భసంచి ఆవిడ చేతి కింద గట్టిపడింది. రక్తం మామూలుగా పోయి, మామూలుగా తగ్గింది. తెప్పించిన సీసా వాడవలసిన పని పడలేదు. ఆవిడ చెయ్యి తీసి, “వ్యాసం రాసినాయన్ను ఓడ దిగొద్దని చెప్పు” అంది. నాకు ఒళ్ళంతా తేలికైపోయి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఇద్దరం కలిసే వరండాలోకి వచ్చాం. పోలమ్మ లేచి నిలబడింది. ఇద్దరూ బాగున్నారని నేనే చెప్పాను. ఇంకో రోజు జాగ్రత్తగా చూడాలి, ఫిట్స్ భయం పూర్తిగా పోయేదాకా సూదులు ఆపం అన్నాను. పాప ఏడుస్తోంది వినమన్నాను. తల ఊపింది. గోడ పట్టుకుని అలాగే నిలబడి, కాసేపటికి మొహమాటంగా అడిగింది.

“అయితే డాట్రమ్మా, ఇప్పుడు నానో తలపోటు బిళ్ళ ఏసుకోవొచ్చేటి?”

“నీకెందుకు?” అన్నాను.

“నిన్న పొద్దుట్నించి బుర్ర పగిలిపోతన్నాది. నా కోడలు ఏసుకోకుండా ఉంటే నానెలగ ఏసుకుంటాను తల్లీ?”

పెద్ద డాక్టరమ్మ లోపలికి వెళ్ళి, తనే ఒక బిళ్ళ, ఒక గ్లాసు నీళ్ళు పట్టుకొచ్చింది. పోలమ్మ బిళ్ళ నోట్లో వేసుకుని, నీళ్ళన్నీ తాగి, గ్లాసు ఆవిడ చేతికి ఇచ్చింది. అప్పుడు అక్కడే నేల మీద కూర్చుని భోరుమని ఏడ్చింది.